చిటపట సారుగారి అభిమానులు

"ఈ నీలిసిరా ఎవరో గానీ, దొరికితే ఎదురుగా కూర్చోబెట్టి రాయిస్తాను," అంది వదిన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న బుల్లి చెయ్యి ఆపలేదు. "ఏమైంది వదినా?" అని మాత్రం అంది.

"ఏమవడానికి ఏముంది, ఏమీ అవడం లేదనే నా ఏడుపు. ఇన్నాళ్ళ నుంచి చదువుతున్నానా, ఇంతవరకూ ఆ మహానుభావుడు ఆ పిల్లని పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ పిలవబోయాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే టేబుల్ మీద ఫోన్ మోగింది. అసలు ఆ ఫోన్ కనిపెట్టినవాణ్ణి అనాలి."

బుల్లికి నవ్వొచ్చింది. ఉల్లిపాయ ఘాటు అన్నట్టు మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. నీలిసిరా అంటే తనే. ఉద్యోగానికి దగ్గరని అన్నయ్య ఇంట్లో ఉంటోంది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి కాసేపు, బస్సులో కాసేపు, ఫోన్‌లోనే టైప్ చేస్తుంది. 'గాజు తలుపుకి అవతల' అని నవల. కథలు చదివే యాప్‌లో వారానికో భాగం పెడుతుంది. మొదట్లో చదివేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు భాగం పెట్టి స్నానానికి వెళ్ళొచ్చేసరికి వందల కామెంట్లు పడి ఉంటాయి.

కథలో గొప్ప మలుపులేమీ లేవు. ఒక ఆఫీసు. అందులో ఒక అధికారి. మనిషి నవ్వడు, మాట్లాడితే వేడి నూనెలో ఆవాలు వేసినట్టు ఉంటుంది. అందుకే పాఠకులంతా కలిసి అతనికి చిటపట సారు అని పేరు పెట్టేశారు. అతని కింద ఒక గుమాస్తా అమ్మాయి. అతను ఆమె మీద పెన్ను విసురుతాడు. ఆమె రాత్రంతా కూర్చుని తయారు చేసిన రిపోర్టు పరపరా చింపేస్తాడు. అందరూ వెళ్ళిపోయాక మాత్రం ఆ ముక్కలు ఏరుకుని, టేపు అంటించి, వేలితో వరస పట్టుకుని చదువుతాడు. ఆ భాగం పెట్టిన రోజు బుల్లి ఫోన్ వేడెక్కిపోయింది.

"టేపు అంటించేటప్పుడు ఆయన వేళ్ళు వణికాయి అని రాశారే, అక్కడ నేను చచ్చిపోయాను," అని ఒకావిడ. "మా ఆయన పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకోసం కవరు కూడా అంటించలేదు," అని ఇంకొకావిడ. "ఇంత నిదానమా తల్లీ, మా పాప పుట్టకముందు మొదలుపెట్టాను, దానికి పళ్ళొచ్చాయి, వీళ్ళింకా గుడ్ మార్నింగ్ దగ్గరే ఉన్నారు," అని మరొకరు. వదిన కూడా 'వంటింటి మహారాణి' అనే పేరుతో కామెంట్లు పెడుతుంది. వాటికి జవాబు రాయాలంటే బుల్లికి భయం. ఎక్కడ తన మాటతీరు పట్టేసుకుంటుందో అని ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటుంది.

వీళ్ళందరిలో 'కిటికీ పక్క సీటు' అనే పాఠకురాలు మొదట్లో అందరిలాంటిదే. ఒక హృదయం బొమ్మ, ఒక చిన్న వాక్యం. తర్వాత్తర్వాత వాక్యాలు పెరిగాయి.

"మా సారు కూడా అచ్చం ఇలాగే అండి. ఇవాళ నా ఫైలు నేలకేసి కొట్టారు. మీ కథ గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను."

బుల్లి దానికొక నవ్వు బొమ్మ పెట్టింది.

ఇంకొన్నాళ్ళకి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "మేడం, మీకు థాంక్స్ చెప్పాలి. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. మీ టేపు భాగం చదివాక చింపేశాను. మనుషుల్ని పైకి చూసి అంచనా వెయ్యకూడదు కదా."

ఆ మెసేజ్ చదివినప్పుడు బుల్లి బస్సులో నిలబడి ఉంది. ఒక్క క్షణం గొప్పగా అనిపించింది. నా కథ చదివి ఒక మనిషి ఆగిపోయింది అనుకుంది. బస్సు దిగి నడుస్తుంటే మాత్రం, ఆగిపోయింది అన్న మాట దగ్గర ఏదో గుచ్చుకుంది. అయినా జవాబుగా, "మీ అభిమానానికి కృతజ్ఞతలు" అని రాసి పంపింది. అందరికీ పంపేదే అది.

తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది.

"మేడం, చిన్న సందేహం. మీ చిటపట సారు పెన్ను విసిరిన చాలా రోజులకి గొడుగు తెచ్చిచ్చారు కదా. మా సారు స్టాప్లర్ విసిరారు. భుజానికి తగిలింది, కొంచెం కమిలింది అంతే. ఇంకెన్నాళ్ళు పడుతుందంటారు?"

బుల్లి ఆ మెసేజ్ మూసి, మళ్ళీ తెరిచి చదివింది. వేళాకోళమేమో అనుకుంది. కాదు. ఆ మనిషి నిజంగానే అడుగుతోంది. "అది తప్పండి, ఎవరికైనా చెప్పండి," అని రాసింది. జవాబు వెంటనే వచ్చింది. "మీ కథలో అమ్మాయి ఎవరికీ చెప్పలేదు కదండీ. అందుకేగా ఆయన మెత్తబడ్డారు."

బుల్లి ఫోన్ సంచిలో పడేసింది. ఆ వారం భాగం అప్పటికే రాసి ఉంచుకుంది. అందులో చిటపట సారు, గుమాస్తా అమ్మాయి సామాన్ల గదిలో ఇరుక్కుంటారు. తలుపు బయటి నుంచి గడియ పడిపోతుంది. చీకట్లో మొదటిసారి అతను ఆమెని, "భయమేస్తోందా?" అని అడుగుతాడు. ఇలాంటి ఘట్టం కోసం పాఠకులు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నారు. మార్చడానికి మనసొప్పలేదు. పెట్టేసింది. యాప్ హోరెత్తిపోయింది. వదిన ఆ రోజు చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

బుల్లి పని చేసేది లిఫ్టులు చూసే కంపెనీలో. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కుంటే, లిఫ్టులో ఎర్ర బటన్ నొక్కితే, ఆ పిలుపు బుల్లి చెవిలో మోగుతుంది. మెకానిక్ అక్కడికి చేరేదాకా లోపలి మనిషితో మాట్లాడుతూ ఉండటమే ఆమె ఉద్యోగం. ఆ గదిలో ఆమె పక్క సీటులో అందరూ పిన్నిగారు అని పిలిచే పెద్దావిడ కూర్చుంటుంది. ఇక మేనేజరైతే, కుర్చీకి కాలు తగిలినా కుర్చీకి సారీ చెప్పే రకం. మన కథకి ఈయన బొత్తిగా పనికిరాడు అని బుల్లి ఎప్పుడో తేల్చుకుంది.

శనివారం మధ్యాహ్నం. పిలుపులు పెద్దగా లేవు. పిన్నిగారు స్వెటర్ అల్లుతోంది. బుల్లి ఫోన్ వణికింది.

"మేడం, మీరు నమ్మరు. సారు నన్ను రికార్డు గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళారు. ఫైళ్ళన్నీ సర్దేదాకా బయటికి రావద్దన్నారు. శనివారం కదా, అందరూ వెళ్ళిపోయారు. అచ్చం మీ కథలాగే. నవ్వొస్తోంది."

బుల్లి వెంటనే రాసింది. "గదిలో కిటికీ ఉందా?"

"లేదండి. నా సీటుకి ఉంది గానీ దీనికి లేదు."

"మీ నంబరు పంపండి. ఇప్పుడే."

నంబరు వచ్చింది. బుల్లి చెవిలోని హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంది. పిన్నిగారి వైపు తిరిగి, "నా లైను కాసేపు మీరు చూడండి పిన్నిగారూ," అంది. పిన్నిగారు ఎందుకని అడగలేదు. బుల్లి ముఖం చూసి అల్లిక పక్కన పెట్టింది.

అవతల గొంతు బుల్లి అనుకున్నదానికన్నా చిన్నగా ఉంది. "మేడం, నిజంగా మీరేనా? మీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదు."

"నేనే. మీరు కూర్చుని ఉన్నారా, నిలబడి ఉన్నారా?"

"నిలబడి."

"కూర్చోండి. గోడకి వీపు ఆనించండి. లైటు ఉందా?"

"ఉందండి. దుమ్ము ఎక్కువగా ఉంది. దుమ్ము నాకు పడదు. పీల్చుకునే మందు నా సంచిలో ఉంది. సంచి సీటు దగ్గర ఉండిపోయింది." ఆ మాట చెబుతూ దగ్గింది. దగ్గు త్వరగా ఆగలేదు.

బుల్లి గొంతు దానంతటదే మారిపోయింది. అది ఆమె ఉద్యోగం నేర్పిన గొంతు. తొందర ఉండదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. "కొంగో చున్నీయో తీసి ముక్కుకి అడ్డం పెట్టుకోండి. ఫైళ్ళ జోలికి వెళ్ళకండి. మెల్లగా గాలి తీసుకుని, ఇంకా మెల్లగా వదలండి. నేను లైనులోనే ఉంటాను. తాళం చెవి ఇంకెవరి దగ్గరుంది?"

"ఎందుకండీ? సారు వచ్చేస్తారు. భోజనానికి వెళ్ళారంతే."

"ఇంకెవరి దగ్గరుంది?"

"ఊడ్చే ఆయా దగ్గర ఒకటి ఉంటుంది. కానీ ఆవిణ్ణి పిలిస్తే సారుకి తెలుస్తుంది. ఇన్నాళ్ళు ఓపిక పట్టింది ఇందుకా? మీరే చూడండి, మీ కథలో ఈ గది తర్వాతేగా ఆయన..." దగ్గు అడ్డొచ్చింది.

బుల్లి కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. అన్నయ్యకి గానీ వదినకి గానీ చెప్పలేదు.

"వినండి. నేను మొదట పని చేసినచోట ఒకాయన ఉండేవాడు. పెన్ను విసిరేవాడు. రిపోర్టు నా ముందే చింపేవాడు. నేను కూడా మీలాగే ఎదురుచూశాను. లోపల మంచివాడేమో అనుకున్నాను. ఆయన టేపు అంటించలేదు. గొడుగు తేలేదు. ఒకసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. నేనే మానేసి వచ్చేశాను. తేలేదు కాబట్టే ఆ గొడుగు నేను రాసుకున్నాను. అర్థమవుతోందా అండి? అది నేను అల్లింది."

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరిలో సన్నటి ఈల. బుల్లికి ఆ శబ్దం నచ్చలేదు.

"మీ ఆఫీసు ఎక్కడ?"

దగ్గు ఆగాక చెప్పింది. బుల్లి కంప్యూటర్‌లో వెతికింది. ఆ భవనంలో లిఫ్టు వాళ్ళ కంపెనీది కాదు. అక్కడికి మనిషిని పంపే అధికారం తమకి లేదు. తల ఎత్తేసరికి ఎదురుగా మేనేజరు నిలబడి ఉన్నాడు.

"సారీ, మీరు సొంత ఫోన్ మాట్లాడుతున్నట్టున్నారు," అన్నాడు.

"ఒకావిణ్ణి గదిలో పెట్టి తాళం వేశారు సార్. ఊపిరి అందడం లేదు."

"మన లిఫ్టా?"

"లిఫ్టు కాదు సార్. మనది కాదు."

మేనేజరు తెర మీదికి వంగి చిరునామా చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "దాని పక్క భవనంలో మన మెకానిక్ ఉన్నాడు, పొద్దుటి నుంచి. నేను ఫోన్ చేస్తాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అంబులెన్సుకి కూడా నేనే చెబుతాను. మీరు మాట్లాడుతూ ఉండండి, ఆపకండి."

బుల్లి ఫోన్‌లోకి, "ఆయా నంబరు మీ దగ్గర ఉందా?" అంది.

"ఉంది."

"ఈ లైను అలాగే ఉంచి ఆవిడకి ఫోన్ కలపండి. ఏం మాట్లాడాలో తోచకపోతే, తాళం తీయమ్మా అనండి. అంతే చాలు."

"సారు కోప్పడతారు."

"కోప్పడనివ్వండి. మీరు బయట ఉన్నప్పుడు కోప్పడతారు. లోపల ఉండగా కాదు."

బుల్లి చెవిలో ఒక చిన్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. పిన్నిగారు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. బుల్లి దాన్ని ముట్టలేదు. పిన్నిగారి హెడ్‌సెట్‌లో ఎవరో లిఫ్టులోంచి మాట్లాడుతున్నారు, ఆవిడ తన పని తాను చేస్తోంది. మళ్ళీ ఆ చిన్న గొంతు వచ్చేదాకా బుల్లి గోడ గడియారం వైపు చూడకుండా తన చేతుల వైపే చూసుకుంది.

"వస్తోందట," అంది గొంతు. "మెట్ల దగ్గర ఉందట. మేడం, నాకు ఊపిరి..."

"మాట్లాడకండి. నేను మాట్లాడతాను, మీరు వినండి. మా వదిన అందరికంటే ఎక్కువ తిడుతుంది నన్ను. మీరు కామెంట్లలో చూసే ఉంటారు, వంటింటి మహారాణి అని. ఆవిడే. నేనే రాస్తున్నానని ఆవిడకి తెలియదు. ఆ మధ్య చిటపట సారు జ్వరం పడ్డ భాగం పెడితే, ఇంట్లో కషాయం కాచింది. ఎవరికమ్మా అంటే, ఊరికే అంది."

అవతల నవ్వులాంటిది వినిపించింది. తర్వాత ఏదో ఇనుము రాసుకున్న చప్పుడు. అడుగులు. ఒకరివి కావు. ఒక మగ గొంతు దూరంగా అంటోంది, "లిఫ్టు వాళ్ళమమ్మా, లోపల ఎవరో ఉన్నారట," అని. మెకానిక్ చేరాడు. ఆయా గొంతు, "ఉండు బాబూ, చెవి తిరగట్లేదు." ఆ వెంటనే మరో గొంతు వచ్చింది. మెత్తగా, నిదానంగా, తీరిగ్గా.

"ఏమిటిది? ఏం జరుగుతోంది ఇక్కడ?"

చిటపటలాడే గొంతు అనుకుంది ఇన్నాళ్ళూ. ఇది అలా లేదు. పెళ్ళిలో అతిథుల్ని పలకరించేవాడిలా ఉంది.

తాళం ఊడింది. తలుపు కిర్రుమంది. దగ్గు, పెద్ద దగ్గు. "నీళ్ళు, నీళ్ళు తేవయ్యా," అని ఆయా. "సంచి, కిటికీ దగ్గర సంచి," అని దగ్గు మధ్యలో చిన్న గొంతు. పరుగు. ఏదో చిమ్మిన చప్పుడు, ఒకసారి, రెండోసారి. ఊపిరి లోపలికి వెళ్ళింది. బుల్లి ఊపిరి కూడా దాంతోపాటే వెళ్ళింది.

"అయ్యో," అన్నాడు మెత్తటి గొంతువాడు. "నువ్వు ఇంకా లోపలే ఉన్నావా? వెళ్ళిపోయావనుకున్నానే. తలుపు గాలికి పడి తాళం పడిపోయినట్టుంది."

బుల్లి ఫోన్‌ని చెవికి ఎంత గట్టిగా అదుముకుందంటే చెవి నొప్పి పుట్టింది. ఇప్పుడు తను ఒక్క మాట కూడా అనకూడదని తెలుసు. తనకి తెలిసిన ఏ మాటా అక్కడ పనికిరాదు.

"మీరే వేశారు సార్," అంది చిన్న గొంతు. ఈల ఇంకా ఉంది అందులో. "కప్ప తాళం అది. గాలికి పడదు. మీరే వేసి వెళ్ళారు. చెవి మీ జేబులోనే ఉంటుంది."

"ఒంట్లో బాగాలేనప్పుడు అలాగే అనిపిస్తుంది," అన్నాడు అతను అదే నిదానంతో.

"ఈవిడ చెప్పింది నిజమేనండి," అంది ఆయా. "తాళం వేసి ఉందండి. నేనేగా తీశాను."

అప్పుడు లైను తెగింది.

ఆ సాయంత్రం, అంబులెన్సులో ఆసుపత్రికి చేరిన ఆ పాఠకురాలిని వాళ్ళ అక్క వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. ఆమె మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళలేదు. పై ఆఫీసుకి ఫిర్యాదు రాసింది. ఆయా, మెకానిక్ వెళ్ళి తాము చూసింది చెప్పారు. అతన్ని సెలవు మీద పంపి విచారణ పెట్టారని పదిరోజుల తర్వాత ఒక చిన్న మెసేజ్ వచ్చింది. "ఏం తేలుతుందో తెలియదు మేడం. నేను మాత్రం చెప్పాల్సింది చెప్పేశాను."

బుల్లికి రాయడానికి చెయ్యి రాలేదు. రెండు వారాలు ఏమీ పెట్టలేదు. కామెంట్లలో గోల మొదలైంది. "నీలిసిరా గారికి ఒంట్లో బాగాలేదా?" అని కొందరు. "సామాన్ల గదిలో మమ్మల్ని కూడా పెట్టి గడియ వేసి వెళ్ళిపోయారా?" అని ఒకరు. ఆ వాక్యం చూసి బుల్లి ఫోన్ బోర్లా పెట్టేసింది.

మూడో వారం రాసింది. ఒక్క ఊపున రాసింది. సామాన్ల గది తలుపు తెరుచుకుంటుంది. గుమాస్తా అమ్మాయి బయటికి వస్తుంది. చిటపట సారు ఏదో చెప్పబోతాడు. ఆమె వినదు. అతని టేబుల్ సొరుగులోంచి టేపు అంటించిన రిపోర్టు తీసి అతని ముందు పెట్టి, "చింపకుండా ఉంటే అంటించే పని ఉండేది కాదు," అని వెళ్ళిపోతుంది. సమాప్తం.

అది పెట్టాక వచ్చినన్ని తిట్లు బుల్లి జన్మలో తినలేదు. "ఇన్నాళ్ళు నడిపించి గోతిలో తోశారు." "ఇంత మోసమా?" "మా చిటపట సారుని చంపి మీరేం బావుకున్నారు?" ఒకే ఒక్కావిడ మాత్రం, "మా అమ్మాయికి చదివి వినిపించాను" అని రాసి ఊరుకుంది. యాప్ వాళ్ళు ఫోన్ చేసి, ముగింపు మార్చే ఆలోచన ఉందా అని మర్యాదగా అడిగారు. వదిన ఆ రోజు మూతి ముడుచుకుని కూర్చుంది. అన్నయ్య ఏమైందని అడిగితే, "మా ఆఫీసులో ఒకమ్మాయి మానేసింది," అంది. వదినకి ఆఫీసు లేదు.

తిట్లన్నిటికీ బుల్లి సిద్ధంగానే ఉంది. కిటికీ పక్క సీటు రాసిన దానికి మాత్రం సిద్ధంగా లేదు.

"మేడం, ఆ రోజు మీరు చేసింది చచ్చేదాకా మర్చిపోను. ఇది వేరే సంగతి. నిన్నటి భాగం చదివి నాకు చాలా కోపం వచ్చింది. మా సారు మారడు. సరే, తెలిసింది. మీ సారు ఎందుకు మారకూడదు? ఆయన మీ చేతిలో మనిషేగా. నన్ను చూసి భయపడి ఆయన్ని గెంటేశారు. నేను అడిగానా? కథకీ ఆఫీసుకీ తేడా తెలియని దాన్ని కాను నేను. ఆ కొన్నాళ్ళు తెలుసుకోవాలని అనిపించక తెలుసుకోలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉన్నాను, ఉద్యోగం లేదు. చదువుకోవడానికి ఉన్న ఒక్కటీ మీరు పాడు చేశారు."

బుల్లి ముఖం మీద ఎవరో నీళ్ళు కొట్టినట్టయింది. మొదట ఒళ్ళు మండింది. నీ కోసమేగా చేశాను అనుకుంది. కాసేపయ్యాక, ఆమె కోసం కాదేమో అనిపించింది. నా వల్ల ఎవరికీ ఏమీ జరగకూడదు అన్న భయంతో చేసిన పని అది. కథ మీద తాళం వేసి చెవి జేబులో వేసుకుంది తను.

అయితే పాత దారిలో నడిపించడం కూడా ఇక కుదరదు. ఎంత ఆలోచించినా ఒకటే అడ్డు తగులుతోంది. తను ఇన్ని భాగాలు రాసింది, చిటపట సారు చేత టేపు అంటించింది, గొడుగు మోయించింది, వేళ్ళు వణికించింది. తప్పయింది అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా అతని నోట పలికించలేదు. పాఠకులెవరూ అడగలేదు. తనకీ తోచలేదు. తను చూసిన మనిషి నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు కాబట్టి, అదెలా ఉంటుందో తనకే తెలియదు.

ఆదివారం పొద్దున వదిన వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి పక్కన నిలబడింది.

"వదినా, నీలిసిరా నేనే."

వదిన గరిటె ఆపింది. బుల్లిని పైనించి కిందికి చూసింది. నవ్వుతుందేమో అని బుల్లి అనుకుంది, లేదా అరుస్తుందేమో అనుకుంది. వదిన రెండూ చెయ్యలేదు. స్టవ్ కట్టేసింది.

"అయితే ఆ పెన్ను విసిరినవాడు," అంది మెల్లగా, "నీ మొదటి ఉద్యోగంలో వాడా?"

బుల్లి తల ఊపింది.

"అప్పట్లో నువ్వు వచ్చి తలనొప్పి అని పడుకునేదానివి. అన్నం తినేదానివి కాదు. మీ అన్నయ్యేమో కళ్ళు పరీక్ష చేయించమన్నాడు. నేను మాత్ర ఇచ్చి ఊరుకున్నాను." వదిన కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"అప్పుడు అదేదో నా తప్పేమో అనుకున్నాను వదినా."

వదిన ముక్కు ఎగబీల్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. ఏం చేద్దామనుకుంటున్నావు? ఆ సమాప్తం చూసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అది అలాగే ఉంచుతానంటే ఈ ఇంట్లో ఉప్పు వేసే పని నీదే."

"ఇంకో భాగం మొదలుపెట్టాను. అమ్మాయి ఇంకోచోట ఉద్యోగంలో చేరుతుంది. ఆయన వెతుక్కుంటూ వస్తాడు. చేసినవన్నీ ఒక్కొక్కటీ తన నోటితో చెప్పాలి. ఆమె క్షమిస్తుందో లేదో నాకే తెలియదు."

"తెలియకపోతే పోయింది. చదువు, వింటాను."

బుల్లి రాసింది ఇంతవరకూ ఎవరికీ పైకి చదివి వినిపించలేదు. గొంతు సవరించుకుంది. ఫోన్ పైకెత్తింది.

"కొత్త ఆఫీసులో ఆమె టేబుల్ ముందు సందర్శకుల కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. చిటపట సారు తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, ఆ కుర్చీలో కూర్చున్నాడు..."

"ఆగాగు," అంది వదిన. "కుర్చీ ఎందుకిచ్చావు వాడికి? ఆ పిల్లని ఎన్ని రోజులు నిలబెట్టి మాట్లాడాడు? ముందు నిలబడనీ."

బుల్లి ఒక క్షణం ఆలోచించింది. వేలు వెనక్కి జరిపి, కూర్చున్నాడు అన్న మాట చెరిపేసి, నిలబడ్డాడు అని రాసింది.

"ఆఁ, ఇప్పుడు చదువు," అంది వదిన.